మొదట బిగించిన బోల్టు

మా ఇంట్లో ఇద్దరం బోల్టులు బిగిస్తాం. మామయ్య పంపుల ఫ్యాక్టరీలో, కింద అసెంబ్లీ షెడ్డులో, నిజం బోల్టులు బిగిస్తారు. నేను అదే ఫ్యాక్టరీలో, మేడమీద డిజైన్ ఆఫీసులో, కంప్యూటర్‌లో బిగిస్తాను. "ఆయన చేతులకు గ్రీజు పూసుకొస్తారు, ఇది కళ్ళు ఎర్రజేసుకొస్తుంది. భోజనానికి మాత్రం ఇద్దరూ ఆలస్యమే" అంటుంది అత్తయ్య. మా ఆయనకు ఈ గొడవ లేదు. మ్యాపులు గీసే ఆఫీసులో పని. ఇంట్లో బల్బు మార్చాలన్నా వాళ్ళ నాన్ననే పిలుస్తాడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకరోజు టీ వేళ మామయ్య మేడమీదికి వచ్చారు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పేసి, సాక్సులతో నా టేబుల్ దాకా నడిచారు.

"నువ్వు బిగించే బోల్టు ఒకసారి చూపించమ్మా."

చూపించాను. బోల్టును బిగించడమంటే నిజానికి దాన్ని సాగదీయడం. నట్టు తిరిగేకొద్దీ బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. మళ్ళీ తన పొడవుకు తాను రావాలని గుంజుకుంటుంది. ఆ గుంజుడే రెండు ఇనప పలకల్నీ కలిపి పట్టి ఉంచుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మేం నట్టు తిప్పే పని పెట్టుకోం. బోల్టు నడుం దగ్గర అడ్డంగా ఒక కోత పెట్టి, ఆ రెండు ముక్కల్నీ ఇన్ని టన్నుల బలంతో దగ్గరికి లాగమంటాం. బలం వచ్చాక, బోల్టు పొడవు ఎంత ఉందో అక్కడికి తాళం వేస్తాం. ఆ తర్వాతే పంపులో నీటి ఒత్తిడి పెడతాం.

మామయ్య మొహం ముడుచుకున్నారు. "బోల్టును నడిమికి కోస్తావా?"

"ఉత్తుత్తి కోతే మామయ్యా."

"మరి ఆ తాళం వెయ్యడం మరిచిపోతే?"

"నీళ్ళు ఎంత తోసినా దాని బలం మారనే మారదు. బోల్టుకు ఏమీ పట్టనట్టే ఉంటుంది."

"మా షెడ్డులో అలాంటివాళ్ళు ఇద్దరున్నారు" అని నవ్వుకుంటూ దిగి వెళ్ళారు. ఆ సాయంత్రం బస్సులో పక్కన కూర్చున్న ముసలాయనకు, "మా కోడలికి బోల్టు కడుపులో ఏముందో కూడా కనిపిస్తుందండీ" అని చెబుతుంటే, నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ ముసలాయన నన్ను డాక్టరనుకున్నాడో ఏమో, దిగేముందు తన మోకాలి సంగతి అడిగాడు.

అవన్నీ నాలుగేళ్ళ కిందటి మాటలు. ఈ ఏడు కొత్త పంపు వచ్చింది. దాని మూతకు చుట్టూ పదహారు బోల్టులు. మూతకూ పంపు ఒంటికీ మధ్య నీళ్ళు కారకుండా వేసే గాస్కెట్ మునుపటిదానికన్నా మందం, మెత్తన. ఆ మూత నీటి ఒత్తిడికి తట్టుకుంటుందా లేదా అని లెక్క తేల్చడం నా పని. పదహారు బోల్టులూ ఒకేలాంటివే కనక, అందరూ చేసేట్టే నేనూ మూతను కేకు కోసినట్టు పదహారు ముక్కలుగా కోసి, ఒక్క ముక్క మాత్రం తీసుకున్నాను. ఒక ముక్క, ఒక బోల్టు. దానికి తొమ్మిది టన్నుల బలం ఇచ్చి, తాళం వేసి, నీళ్ళు పెట్టాను. చుక్క కారలేదు. 'చెప్పిన బలంతో బిగిస్తే ఈ మూత దగ్గర నీరు కారే అవకాశం లేదు' అని రిపోర్టు చివర రాశాను. షెడ్డుకు పంపే బిగింపు కాగితం కూడా నాదే. ఏ బోల్టు తర్వాత ఏ బోల్టు, నట్టు తిప్పడానికి ఎంత బలం, అంటే ఎంత టార్కు, కింద నా సంతకం.

గురువారం మొదటి పంపు టెస్టులో కారింది. శుక్రవారం మూత విప్పి, కొత్త గాస్కెట్ వేసి, మళ్ళీ అదే వరసలో బిగించారు. మళ్ళీ కారింది. అయిదో బోల్టు పక్కన, మూత అంచు వెంబడి, ముక్కు కారినట్టు సన్నగా.

మా క్వాలిటీ మేనేజరును వెనక అందరూ భూతద్దం అంటారు. మనిషి చెడ్డవాడు కాడు, తప్పు కనిపిస్తే మాత్రం వదలడు. నీళ్ళు తీయించి, రెంచి తెప్పించి, పదహారు బోల్టులూ తానే చూశాడు. ఒకటి, అయిదు, తొమ్మిది, పదమూడు వదులుగా ఉన్నాయి. ఉండాల్సిన బిగువులో సగం కూడా లేదు. వాటిచుట్టూ ఎర్ర సుద్దతో సున్నాలు చుట్టాడు. నా రిపోర్టులో ఆ చివరి వాక్యం కింద ఎర్ర ఇంకుతో గీత గీశాడు. చెప్పిన బలంతో బిగిస్తే కారదట. కారింది. అంటే బిగించలేదు. బిగించింది ఎవరు? మామయ్య.

సోమవారం ఉదయం మీటింగు. మామయ్యను అసెంబ్లీ నుంచి తీసి టూల్ రూముకు వేస్తారని శుక్రవారం సాయంత్రానికే షెడ్డంతా తెలిసిపోయింది. ముప్పై నాలుగేళ్ళు పంపులు బిగించిన మనిషి, మిగిలిన రెండేళ్ళూ కిటికీలోంచి స్పానర్లు అందిస్తూ కూర్చోవాలి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నేనే ఆగలేక, "మామయ్యా, నా లెక్క మళ్ళీ చూస్తాను" అన్నాను.

"లెక్కలో ఏముందమ్మా చూడ్డానికి? నువ్వు తప్పు రాయవు." చేతులు కడుక్కుంటూ, గోళ్ళ సందుల్లో నలుపును చాలాసేపు తోముకున్నారు. "పెట్టిన బిగువు రాగానే రెంచి టక్కుమంటుంది, అప్పుడు వదిలేస్తాం కదా. ప్రతి బోల్టుకూ టక్కుమన్నది విన్నాను. విన్నాననే అనుకున్నాను."

భోజనాలయ్యాక ఆయన అత్తయ్యను పడగ్గదిలోకి పంపి, తను వంటింట్లో నిలబడ్డారు.

"ఏదైనా మెల్లగా అను. వినిపిస్తుందో లేదో చూద్దాం."

"ముప్పై ఏళ్ళుగా అరిచి చెప్పినవే వినలేదు, ఇప్పుడు మెల్లగా ఏం చెప్పను?" అంది అత్తయ్య లోపల్నుంచి.

"వినిపించింది" అన్నారు మామయ్య. అయినా ఆయన మొహం తేలికపడలేదు. కుడి అరచేతిని విప్పి, మూసి, మళ్ళీ విప్పి చూసుకున్నారు, అది ఎవరిదో అన్నట్టు. కోపగించుకుని నా కాగితాన్ని నాలుగు తిట్లు తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. నా అంకెలు నమ్మి, తన చేతుల్ని అనుమానిస్తున్నారు.

శనివారం పొద్దున అత్తయ్య వాళ్ళ చెల్లెలి ఇంటికి బయల్దేరుతోంది. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. పది రోజులకే అయినా అత్తయ్య సూట్‌కేసు నెలరోజుల ప్రయాణంలా ఉబ్బిపోయింది. దుప్పట్లు, తువ్వాళ్ళు, చెల్లెలికి ఒక దిండు. ఆ పాత సూట్‌కేసుకు జిప్పు పనిచేయదు, రెండు తోలు పట్టీలే ఆధారం.

"ఏమండీ, కాస్త వచ్చి ఇది బిగించండి" అని కేకేసింది.

"నా బిగింపు నమ్ముకోకు" అన్నారు మామయ్య పేపరు మడవకుండానే.

"అబ్బో! అలకలు కూడానా! రావే అమ్మాయ్, నువ్వొచ్చి దీనిమీద కూర్చో."

వెళ్ళి కూర్చున్నాను. అత్తయ్య పళ్ళు బిగబట్టి ఎడమ పట్టీ లాగి, మూడో చిల్లులో ముల్లు దించింది. నేను కుడివైపు జరిగాను. కుడి పట్టీ కూడా మూడో చిల్లుకు లాగింది. "లే ఇక" అంది. లేచాను.

ఎడమ పట్టీ వేలాడుతోంది.

"ఎప్పుడూ ఇంతే. దీన్ని బిగిస్తే అది వదులు. మళ్ళీ మొదటిదాని దగ్గరికి రావాలి" అంటూ అత్తయ్య అటు తిరగబోయింది.

"ఆగండత్తయ్యా!"

"ఏమైందే, వేలు పడిందా?"

నేను పట్టీ కింద చెయ్యి పెట్టి చూశాను. ముల్లు మూడో చిల్లులోనే ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. పట్టీ పొడవు వేసినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. అయినా నా చెయ్యి మణికట్టు దాకా దూరుతోంది. పక్క పట్టీ లోపలి బట్టల్ని అణిచేసరికి, ఈ పట్టీకి పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

నా ముక్కలో ఉన్నది ఒక్క బోల్టు. దానికి పక్కవాళ్ళు లేరు. ముక్క రెండువైపులా అద్దాలు పెట్టినట్టే కనక, అటూ ఇటూ దాని నీడలే. అది ఎప్పుడు బిగిస్తే ఆ నీడలన్నీ అప్పుడే, అంతే బిగుస్తాయి. పదహారు బోల్టుల్నీ పదహారుమంది ఒకే క్షణాన బిగించినట్టు.

ముందుగదిలోకి పరిగెత్తాను. "మామయ్యా, ఒకటి, తొమ్మిది, అయిదు, పదమూడు. అదే కదా కాగితంలో నేను రాసిన వరస? మొదట బిగించినవి ఆ నాలుగే కదా?"

"అవును."

"పదహారూ అయ్యాక మళ్ళీ మొదటిదాని దగ్గరికి రాలేదా?"

"లేదు."

"ఎప్పుడూ తిరుగుతారు కదా మీరు!"

"ఎప్పుడూ తిరుగుతాం. కొంచెం కొంచెంగా మూడు చుట్లు, ఆ పైన ఏదీ కదలకుండా టక్కుమనేదాకా ఇంకో చుట్టు. ఈసారి కాగితంలో ఒకటే ఉంది."

"ఉంటే? మీకు తెలియదా?"

మామయ్య పేపరు మడిచారు. మడత మీద మడత పెట్టి, అరచేత్తో నొక్కారు. "వేరేవాళ్ళ కాగితమైతే పక్కన పడేసి నా పద్ధతిలో నేను చేసుకునేవాణ్ణి. ఇది నీ సంతకం ఉన్న కాగితం. పైన ఒక చుట్టు ఎక్కువ తిరిగితే, కోడలి లెక్కంటే మామకే నమ్మకం లేదని షెడ్డులో అనుకోరూ?"

కాగితం రాసేటప్పుడు చుట్ల సంగతి నాకు గుర్తు రాకపోలేదు. మామయ్యవాళ్ళకు చుట్లు నేర్పడమంటే అత్తయ్యకు పొయ్యి వెలిగించడం నేర్పినట్టేనని రాయడం మానేశాను. అదే చెప్పాను. ఆ పట్టీలాగే, పక్క బోల్టు గాస్కెట్‌ను అణిచేసరికి ముందు బిగించిన బోల్టు వదులై ఉంటుందనీ చెప్పాను.

గుమ్మంలో నిలబడి వింటున్న అత్తయ్య, "బాగుంది. ఒకళ్ళ మీద ఒకళ్ళకు నమ్మకం ఎక్కువై పంపు కారిందన్నమాట" అంది. "నా బస్సు టైమైంది. ఎవరో ఒకరు ఆ పట్టీ లాగండి."

మామయ్య లేచి వెళ్ళి లాగారు. ఎడమది, కుడిది, మళ్ళీ ఎడమది. లాగుతూనే, "ఇనుముకూ దుప్పట్లకూ పోలికేమిటమ్మా?" అన్నారు.

ఆ ప్రశ్నకు సమాధానం కావాలి. మా ఆయన అత్తయ్యను బస్సెక్కించి, నన్ను ఆఫీసు దగ్గర దింపాడు. శనివారం మధ్యాహ్నం ఆఫీసులో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. ఈసారి ముక్క కాదు, మూత మొత్తం గీశాను. పదహారు బోల్టులు, పదహారు కోతలు. మొదటి బోల్టుకు బలం, దానికి తాళం. తర్వాత ఎదురుగా తొమ్మిదోదానికి బలం, దానికి తాళం. అలా మామయ్య రెంచి పట్టుకుని చుట్టూ తిరిగిన వరసలోనే ఒక్కొక్కటీ. చీకటి పడకముందే కంప్యూటర్‌ను లెక్కకు వదిలి వచ్చేశాను.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి చూస్తే, తొమ్మిది టన్నులతో మొదలైన ఒకటో బోల్టు, పక్కన రెండోదాన్నీ పదహారోదాన్నీ బిగించేసరికి నాలుగు టన్నులకు లోపే పడిపోయి ఉంది. చివరగా బిగించిన బోల్టులో మాత్రం తొమ్మిదికి తొమ్మిదీ ఉన్నాయి. అన్నిటికన్నా వదులైన నాలుగింటిలో మూడు భూతద్దం సుద్ద చుట్టినవే. నాలుగోది నా లెక్కలో పదమూడు కాదు, మూడు. నిజం ఇనుము నా మాట మొత్తం వింటుందని నేనూ అనుకోలేదు. అయిదో బోల్టు దగ్గర గాస్కెట్ మీద నొక్కుడు, నీళ్ళను ఆపడానికి చాలనంత తక్కువగా ఉంది.

ఇంటికొచ్చి చెబితే మామయ్య సంతోషిస్తారనుకున్నాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, మెల్లగా అడిగారు.

"అంటే, నా చెయ్యి బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది మామయ్యా."

"నాకది చాలు. రేపు మీటింగులో ఇది చెప్పకు."

"అదేమిటి?"

"నా సర్వీసు ఇంక రెండేళ్ళు. నీది ముప్పై. తప్పు నీ పేరు మీద పడితే ముప్పై ఏళ్ళూ మోస్తావు. టూల్ రూము ఏమంత నరకం కాదు. అక్కడ కుర్చీ ఉంటుంది."

"మీరు కుర్చీలో ఎప్పుడైనా కుదురుగా కూర్చున్నారా?"

"అలవాటు చేసుకుంటాను."

మా ఆయన కంచంలోంచి తలెత్తి, "నాన్నా, నువ్వు టూల్ రూములో కూర్చుంటే, అడిగిన స్పానరు ఇవ్వకుండా నువ్వే వెళ్ళి బిగించొస్తావు. ఆ రూము ఎత్తేస్తారు" అన్నాడు. అందరం నవ్వాం. కానీ మామయ్య తన మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ చెప్పనని మాటివ్వలేదు.

సోమవారం మీటింగులో భూతద్దం నా రిపోర్టు తెరిచి, ఎర్ర గీత గీసిన వాక్యం పైకి చదవబోయాడు.

"ఆ వాక్యం తప్పండి" అన్నాను.

గది చివర నిలబడ్డ మామయ్య తల దించుకున్నారు. పక్కన మా డిజైన్ ఆఫీసు పెద్ద, మేడమ్, కలం ఆపింది.

"మీ లెక్క తప్పంటారా?" అన్నాడు భూతద్దం.

"పదహారు బోల్టులూ ఒకేసారి బిగుస్తాయనుకుని లెక్క వేశాను. ఇంత మెత్తని గాస్కెట్ మీద, ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తే ముందువి వదులవుతాయి. ఒకే చుట్టు చాలన్నట్టు కాగితం రాసింది నేను. వాళ్ళు కాగితంలో ఉన్నట్టే చేశారు."

"చూడమ్మా, ఏమీ అనుకోకు. మామగారి కోసం చెబుతున్నావని ఎవరైనా అంటే?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. "అంటారనే అడుగుతున్నాను. ఈ పంపును మీరే బిగించండి. నా కాగితం ప్రకారం, ఒకే చుట్టు. పదహారోది అయ్యాక మొదటిది ముట్టుకుని చూడండి."

భూతద్దం నిజంగానే చొక్కా చేతులు మడిచాడు. అందరం షెడ్డులోకి దిగాం. కొత్త గాస్కెట్ వేసి, మూత పెట్టి, ఆయన రెంచి పట్టుకున్నాడు. అలవాటులేని పని కనక ఆరో బోల్టుకే చెమట కారింది. టక్కుమన్న ప్రతిసారీ "విన్నారుగా?" అని మా వైపు చూశాడు. "విన్నాం" అన్నాం. పదహారోది టక్కుమన్నాక తిరిగి మొదటిదాని దగ్గరికి వచ్చి రెంచి తగిలించాడు. నట్టు చిన్నపిల్లాడి బొమ్మలా ఊరికే తిరిగింది. టక్కుమనడానికి చాలాసేపు పట్టింది.

ఆయన రెంచి చేతిలో పట్టుకునే మామయ్య వైపు తిరిగాడు. "మీరు మామూలుగా ఎలా చేస్తారు?"

"చెప్పేది కాదండీ, చూడాలి" అన్నారు మామయ్య. అన్నీ వదులు చేసి, మొదటినుంచి మొదలుపెట్టారు. తక్కువ బిగువుతో ఒక చుట్టు, కొంచెం పెంచి మరోటి, పూర్తిగా మూడోది. నాలుగో చుట్టులో రెంచి తగిలించగానే టక్, టక్, టక్. నీళ్ళు పెట్టాం. అరగంట చూశాం. భూతద్దం మూత అంచు వెంబడి టిష్యూ కాగితం పెట్టి, తీసి, వెలుతురులో చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

టూల్ రూము మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నా పేరు మాత్రం తప్పుల రిజిస్టరులోకి ఎక్కింది. ఈ గాస్కెట్‌తోనే రాబోయే పంపులకు నేను రాసిన రిపోర్టులు మరో మూడున్నాయి. అవన్నీ మూత మొత్తంతో మళ్ళీ చెయ్యమంది మేడమ్. "ముందే చెప్పడం మంచిదైంది" అని కూడా అంది, కానీ నవ్వకుండా అంది.

బస్సులో రెండు స్టాపులు దాటాక మామయ్య నా వైపు తిరిగారు.

"వద్దంటే వినవు కదా" అన్నారు.

"వినను."

"మీ అత్తయ్య పోలిక వచ్చింది నీకు." అది పొగడ్తో తిట్టో తెలియలేదు. చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా మూత వదులుగా ఉందేమో, దాన్ని నొక్కి పెట్టి నా చేతికిచ్చారు.

మర్నాడు సాయంత్రానికి కొత్త బిగింపు కాగితం రాసి ఇంటికి తెచ్చాను. నాలుగు చుట్లు, ఏ చుట్టులో ఎంత టార్కు, పదహారు బోల్టుల వరస, అన్నీ గడులు గీసి, అందంగా. భోజనాల బల్ల తుడిచి ఆయన ముందు పెట్టాను. కింద నా సంతకం అప్పటికే ఉంది.

మామయ్య కళ్ళజోడు పెట్టుకున్నారు. వేలు పెట్టి ఒక్కో గడీ చదివారు. వేలు ఒకచోట ఆగింది.

"ఇది కుదరదమ్మా."

"ఏది?"

"ఏడోదాని తర్వాత పదిహేను అని రాశావు. ఏడో బోల్టు దగ్గర పైపు అడ్డం. రెంచికి పొడుగు పిడి వేస్తేనే అందుతుంది. వేసిన పిడితోనే పక్కనున్న ఆరోది కూడా చేసెయ్యాలి. లేకపోతే చుట్టుకొకసారి పిడి మార్చుకుంటూ కూర్చోవాలా?"

"కానీ వరస మారితే మళ్ళీ లెక్క వెయ్యాలి మామయ్యా."

"వెయ్యి. ఎవరు వద్దన్నారు? ఏడో బోల్టును ఎప్పుడైనా కళ్ళతో చూశావా నువ్వు?"

"కంప్యూటర్‌లో చూశాను."

"కంప్యూటర్‌లో పైపు ఉందా?"

లేదు. పైపు బరువు లెక్కలోకి రాదని నేనే తీసేశాను.

"రేపు పొద్దున్నే కిందికి రా. చూపిస్తాను. ఆ తెల్ల చెప్పులు వేసుకు రాకు, పాడవుతాయి." బల్లమీద మా ఆయన వదిలేసిన పెన్సిల్ తీసుకుని, నేను అంత అందంగా గీసిన గడిని అడ్డంగా కొట్టేశారు. పక్కన తన గుండ్రటి అక్షరాలతో ఏదో రాశారు. ఇంకోటీ కొట్టేశారు.

వంటింట్లోంచి మా ఆయన, "ఏమిటి నాన్నా, దాని కాగితం పాడుచేస్తున్నావు?" అన్నాడు.

"తప్పు రాస్తే ఊరుకుంటారా?" అన్నారు మామయ్య, తలెత్తకుండా.

నేను కుర్చీ ఆయన పక్కకు లాక్కుని కూర్చున్నాను. ఆయన రెండో పేజీ తిప్పారు. అక్కడ మొదటి వరసలోనే పెన్సిల్ ఆగింది.